శుక్రవారం అడిగి చెప్తం

మెట్‌పల్లి
6 ఏప్రిల్ 2025

బాపూ,

ఫోన్ ఉండంగ ఈ ఉత్తరమేందని నవ్వకు. అతీఖ్ చిచ్చా ఇప్పటికే నవ్విండు. ఫోన్ల నువ్వు నా మాట సగంల తెంపి "సరే గని తిన్నరా?" అంటవు. కాగితాన్ని తెంపరాదు. అందుకే సెలవు అయిపోయి నీ రూముకే తిరిగొస్తున్న చిచ్చా సంచిల ఇది పెడుతున్న, మామిడికాయ తొక్కు సీస పక్కన. నూనె మరకలైతె నన్ను తిట్టకు.

నాయినమ్మ పోయినంక మనిల్లు ఎట్లనో ఉన్నది. ఏడ్సుడు అయిపోయింది, ఇంకోటి ఏదీ మొదలుగాలె. అమ్మ పొద్దున లేస్తది, కాలువ పక్క చెలకకు పోతది, వస్తది. నేను కరీంనగర్ల క్లాసులకు పోత, వస్త. ఎవరన్న అడిగితె "మంచిగనే ఉన్నం" అంటం. అది అబద్ధం గూడ కాదు.

ఎమ్మే ఆఖరి సెమిస్టరు గద, నాకు ఒక సెమినారు పడ్డది. కెనడ, ఆస్ట్రేలియ, న్యూజిలాండ్ అసొంటి దేశాలకు ఇంగ్లాండు నుంచి పోయి స్థిరపడ్డోళ్లు తమ పాలన తమ చేతికి ఎట్ల తెచ్చుకున్నరు అన్నది. మనం తెల్లోళ్లను ఎల్లగొట్టిన కత గాదిది. వీళ్లూ తెల్లోళ్లే, లండన్ల కూసున్నోళ్లూ తెల్లోళ్లే. కెనడల ఎన్నికలైతయి, సభ కూసుంటది, గంటలకు గంటలు మాట్లాడుతది. అయితె ఏంది, గవర్నర్ ఆ సభ మాట వినాల్నని లేదు. లండన్ మాట వినాలె. ఓడల కాగితం పోవాలె, ఓడల జవాబు రావాలె. ఆడ నిలువు లోతు మంచు పడుతుంటది, ఈళ్లకు అంత మంచంటె ఏందో తెల్వది. 1837ల తిరగబడ్డరు. అణిచేసిండ్రు. అటెనుక డర్హమ్ అనే దొరను చూసి రమ్మని పంపిండ్రు. ఆయన మస్తు పెద్ద రిపోర్టు రాసిండు, సారం మాత్రం ఇంతే: ఆడి సంగతి ఆడోళ్లకు వదిలెయ్యుండ్రి, గవర్నర్ ఆ సభ మెచ్చినోళ్లతోనే పని చెయ్యాలె. పరదేశాల ముచ్చట, ఇంకొన్ని పెద్ద పెద్దవి లండన్ దగ్గరే ఉంచుకోవచ్చు. దానికి గూడ వెంటనే ఒప్పుకోలె. నానబెట్టి నానబెట్టి 1848ల ఇచ్చిండ్రు.

ఇదంతా ఎందుకు రాస్తున్ననో నీకు తెలుసు, తెలియనట్టు చెయ్యకు. ఈ కెనడ ముచ్చట చాన రోజుల నుంచి నా తలకాయల తిరుగుతాంది. నోరు తెరిచి అడుగుదామంటె ధైర్యం చాలుతలేదు. నువ్వే అర్థం చేసుకో.

నీ బిడ్డ
సునంద


అల్ వుకైర్ క్యాంపు, దోహా
1 మే 2025

బిడ్డా సునందా,

తొక్కు అందింది. ఉత్తరం గూడ అందింది. తొక్కు అతీఖ్ గాడు సగం తిన్నడు. ఉత్తరం నేనొక్కన్నే చదివిన.

నాకిక్కడ బాగలేదని చెప్పను, బాగున్నదని గూడ చెప్పను. లుసైల్‌ల ఆ అద్దాల బిల్డింగుల ఏసీ మెషీన్ల డ్యూటీ, నీకెరికే. మెషీన్ రూములనే దినం గడుస్తది. బయట ఎండ, లోపట సలి, రెండిట్ల ఏదీ ఒంటికి తెలుస్తలేదు. సూపర్‌వైజర్ "యల్లా యల్లా" అంటడు, నడుస్త. బస్సెక్కుత, క్యాంపుకొస్త, పంట. మీ నాయినమ్మ యాదికొస్తదా అని అతీఖ్ అడిగిండు. ఏమో అన్న. అబద్ధమెందుకు.

నీ మనసుల ఏమున్నదో అర్థమైంది. గా డర్హమ్ దొర, సభలు, గవర్నర్లు నాకవన్నీ ఎందుకు చెప్పు? నోరు తెరిచి అడగకున్నా బాపు అర్థం చేసుకుంటడు. నీ అసొంటి పిల్లకు మెట్‌పల్లిల ఏమున్నది? నీకేం కావాల్నో అదైతది. చేయాల్సిందంతా మీ చిన్నబాపు అంజికి ఫోన్ల చెప్పిన, వాడు చూసుకుంటడు. మల్ల మల్ల అడగకు, నువ్వు చదువు మీద ఉండు.

మీ అమ్మను ఎండల చెలకకు పోవద్దని చెప్పు. బోరు మోటరు ఇప్పుడే బాగుచేయించొద్దు. అటుకు మీదున్న పాత కిటికీలు ఎవలకు ఇయ్యొద్దు. కుడిపక్క గోడకు సున్నం వెయ్యొద్దు, వానలు రానియ్యి.

ఉంట మరి,
బాపు


మెట్‌పల్లి
18 మే 2025

బాపూ,

ఇంత జల్ది ఒప్పుకుంటవని నేను అనుకోలె. నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించిన, కిటికీల కాడికి, సున్నం కాడికి. "చిన్నబాపుకు అంతా చెప్పిండట అమ్మా, ఇగ ఇంటి పెత్తనం నీదే" అన్న. అమ్మ సంబురపడలె. చేతులు తుడుసుకున్నది, అంతే. తెల్లారి పోయి పసుపు కొమ్ములకు మాట చెప్పి వచ్చింది, విత్తనానికి. ఎవలనూ అడగలె. నేనైతె నోరు తెరిచి చూసిన.

నీకు తెలుసు గద, మనింట్ల ఏ పని అయినా "శుక్రవారం అడిగి చెప్తం" అంటం. అక్కడ నీకు శుక్రవారం సెలవు, చిన్నబాపు నీకు ఫోన్ చేస్తడు, నువ్వు చెప్తవు, ఆయన వచ్చి మాకు చెప్తడు. బర్రె అమ్ముడైనా, మోటరు కాలినా, అమ్మ తన తల్లిగారింటికి పెండ్లికి పోవుడైనా శుక్రవారమే. సోమారం కాలిన మోటరు శుక్రవారం దాక ఎండుకుంట కూసుండేది. ఆయన మనింటి గవర్నర్ అన్నట్టు. పాపం, ఆయన తప్పేం లేదు, ఆయన గూడ నీ మాటే మోసుకొస్తడు.

సెమినారుల ఒక కాడ నేను ఆగిపోయిన. న్యూజిలాండ్ల తెల్లోళ్లకు సొంత పాలన వచ్చింది, మంచిదే. మరి వాళ్లకంటె ముందు నుంచి ఉన్న మావోరీలు? భూమి ఉన్నోళ్లకే ఓటు అన్నరు. మావోరీల భూమి అందరిదీ కలిపి ఒక్కటే, ఒక్కొక్కరి పేరు మీద ఉండదు. ఇగ ఓటెక్కడిది! పెత్తనం అడిగి తెచ్చుకున్నోళ్లు ఇంకొకలను అడగాలె అన్నది మరిచిపోతరు. మా సార్ ఈ ముచ్చట మీదనే ఎక్కువ రాయి అన్నడు.

అమ్మకు గూడ ఇది చెప్పిన. "అయితె నిన్నడిగే పసుపు పెట్టాల్నా?" అన్నది.

సునంద


మెట్‌పల్లి
3 జూన్ 2025

బాపూ,

ఈ ఉత్తరం రేపు దోహా పోయే మనిషి చేత పంపుతున్న. నీ జవాబు కోసం ఆగలేను.

నిన్న అమ్మ చెలకల మడులు కడుతుంటె చిన్నబాపు ఇద్దరు మనుషులను పట్టుకొచ్చిండు. వాళ్లు టేపు తీసి కొలుసుడు మొదలుపెట్టిండ్రు. ఏందయ్యా అంటె చెలక కొంటున్నమన్నరు. చిన్నబాపు తలకాయ కిందికేసుకొని చెప్పిండు: "అన్న చెప్పిండు వదినె. పిల్లను కెనడ పంపుతడట. ఎంబసీల నా పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపుతున్నడు, అది రాంగనే రిజిస్ట్రీ."

కెనడ నేనెప్పుడు అడిగిన బాపూ? నేను రాసింది నూటఎనభై ఏండ్ల కిందటి కెనడ గురించి! నేనడిగింది ఇంట్ల అమ్మ మాట చెల్లనియ్యుమని. నువ్వేమో నన్ను విమానమెక్కిస్తున్నవు. ఆ చెలక అమ్మ చెమట. నువ్వు పోయినప్పటి నుంచి ఆమెకు ఉన్నదల్ల అదొక్కటే, నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు.

నీకు ఫోన్ చేసిన. "మేం మగోళ్లం చూసుకుంటం, నువ్వు పాస్‌పోర్టుకు పెట్టుకో" అని పెట్టేసినవు. మల్ల చేస్తె డ్యూటీల ఉన్న అన్నవు.

అమ్మ లొల్లి చెయ్యలె. టేపు పట్టినోళ్లు పోయిందాక గట్టు మీద కూసున్నది. వాళ్లు పోయినంక లేచి ఆగిన కాన్నుంచే మడి కట్టింది. రాత్రి అన్నం తిన్నది, పడుకున్నది. నాకు భయమైంది.

ఆ కాగితం పంపకు.

సునంద


అల్ వుకైర్
14 జూన్ 2025

సునందా,

రాసుడొచ్చింది గద అని తండ్రికే పాఠం చెప్తున్నవు. చెప్పు. వింట.

మన మండలంల ఇంటికొక పిల్ల కెనడ అంటాంది. నా బిడ్డ కెనడ కెనడ అని రాస్తె నేనేమనుకోవాలె, డర్హమ్ దొర అనుకోవాల్నా? అతీఖ్ గాడు గూడ "పక్కా కెనడనే" అన్నడు. ఇప్పుడు వాడు మాఫీ మాఫీ అంటాండు. వాడే ఫోన్ల చూసి ఇంకోటి చదివి వినిపించిండు. న్యూఫౌండ్‌లాండ్ అని ఒక దేశమట, సొంత పాలన తెచ్చుకున్నది, అప్పులైతె తట్టుకోలేక 1934ల "మాతోని కాదు, మీరే పట్టుకోండ్రి" అని లండన్‌కే తిరిగిచ్చిందట. ఇది నీ సెమినారుల పెట్టినవా? పెట్టి ఉండవు.

పెత్తనం మీ అమ్మకు ఇయ్యుమంటున్నవు. ఆమె సొంతంగ చేసిన పని నేను ఒక్కటి చూసిన. అది చెప్త, విను. ఇన్ని రోజులు చెప్పలె.

మీ నాయినమ్మ పోయిన్నాడు నేను అంజికి "ఆగుండ్రి" అన్న. తెల్లారి గూడ "ఆగుండ్రి" అన్న. ఎందుకాగాల్నో చెప్పలె. అంతకుముందు రెండుమాట్ల వస్తున్ననని చెప్పి రాకపోతి, మీరు కోడి కోసుకొని ఎదురుచూస్తిరి. ఈసారి టికెట్ చేతుల పడ్డంకనే చెప్దామనుకున్న. కంపెనీ సెలవిచ్చింది. టికెట్ ఇచ్చింది. ఎయిర్‌పోర్టుకు పోయిన. ఉరుకుడుల ఫోన్ ఆఫైంది, ఆడ గోడకు చార్జింగు పెట్టి ఆన్ చేసిన. అంజి వీడియో పెట్టి ఉన్నడు. చితి అంటుకున్నది.

పాడె ఎవరు లేపుమన్నరని అటెనుక అంజిని అడిగిన. వదినె అన్నడు.

నాకు ఏడుపు రాలె బిడ్డా. పక్క కుర్చీల ఎవలో ఒకాయన చిన్నపిల్లకు బిస్కట్లు తినిపిస్తున్నడు. ఆ పిల్ల నమిలేది చూసుకుంట కూసున్న. విమానం కాడికి రమ్మని నా పేరు మైకుల పిలిచిండ్రు. ఇగ పోయి ఏం చూడాలె అనిపించింది. బస్సెక్కి క్యాంపుకొచ్చి పడుకున్న. మీకు సెలవు దొరకలేదని చెప్పిన.

ఇది మీ అమ్మకు చదివి వినిపిస్తవో లేదో నీ ఇష్టం. ఎంబసీకి వచ్చే వారం పోత.

బాపు


మెట్‌పల్లి
29 జూన్ 2025

సునంద బాపుకు శోభ చెప్పి రాయించేది.

పిల్ల నీ ఉత్తరం చదివింది. చదువుకుంట నడుమ ఆగింది, నేనే చదువుమన్న. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు రాస్త అన్నది, సక్కదిద్దనని ఒట్టేసింది.

నువ్వు ఎయిర్‌పోర్టు దాక వచ్చినవని నాకు తెల్వదు. ఇప్పుడు తెలిసింది. నేను పొయ్యి కాడికి పోయి అన్నం దించొచ్చి మల్ల కూసున్న.

అత్తను ఐసు పెట్టెల పెట్టినం. కరెంటు పోయింది, వచ్చింది, మల్ల పోయింది. రెండో పొద్దుకు అత్త మొఖం రంగు మారింది. వాకిట్ల మగోళ్లందరు ఫోన్లు పట్టుకొని నిలబడ్డరు. అన్న మాట రావాలె, అన్న మాట రావాలె. నీ ఫోన్ కలుస్తలేదు. ఆడోళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నరు. అది నేను చూడలేకపోయిన. ఆమె ఎట్లాంటి మనిషో నీకెరికే, ఒంటికి పసుపు రాసుకోకుంట పండుగనాడు గడప దాటేది కాదు. నేను అంజితోని "లేపుండ్రి" అన్న. అంజి, "అన్న ఏమంటడో" అన్నడు. నేనే పాడె పట్టిన. అప్పుడు వచ్చి భుజం పెట్టిండ్రు.

వస్తున్న అని నువ్వొక్క మాట చెప్తె నేను ఆ పెట్టె పక్కన విసనకర్ర పట్టుకొని కూసుందును. ఎన్ని దినాలైనా కూసుందును. నువ్వు చెప్పలె. ఆగుమంటె ఆగాలె, ఎందుకో మాకెందుకు అనుకున్నవు. నువ్వు ఎప్పుడు చెప్పినవు గనుక.

నీకు తల్లి ఆఖరి చూపు దక్కలె. అది నా చేతుల మీదనే అయింది. దానికి నాకు ఏడుపొస్తదేమో అని రెండు రోజులు చూసిన. రాలె. మల్ల అదే కరెంటు, అదే పెట్టె, అదే ఫోనైతె మల్ల లేపుమనే అంట.

కోడలిని ఒక్కదాన్నే ఇంట్ల పెట్టి పోయినవు. అత్త నాకు తోడు, చెలక నాకు తోడు. అత్త పోయింది.

చెలకల పసుపు పెట్టిన. మొలకొచ్చింది. కాగితం ఎవరి పేరు మీద పంపుతవో పంపు. కొన్నోళ్లు వస్తె నేను గట్టు మీద కూసుంట. ఈసారి లేవ.

శోభ

(బాపూ, న్యూఫౌండ్‌లాండ్ నా సెమినారుల ఉన్నది. ఆఖరి పేజీల. — సునంద)


అల్ వుకైర్
25 జూలై 2025

సునందా,

ఈ కవర్ల ఇంకో కాగితం ఉన్నది, చింపేటప్పుడు జాగ్రత్త. ఎంబసీకి పోయిన. టోకెన్ తీసుకొని కూసున్న. అంజి పేరు రాసి టైపు చేయించుకపోయిన కాగితం చేతులనే ఉన్నది. నా నంబరొచ్చింది. లేచి, బయటికొచ్చి, టైపు చేసేటోని కాడ పేరు మార్పించిన. ఎందుకు చేసినవంటె నేను చెప్పలేను. మీ అమ్మ మీద కోపం వెతికిన, దొరకలె. ఐసు పెట్టె పక్కన విసనకర్ర పట్టుకొని కూసుంట అన్నది గద, అదే మాట తలకాయల తిరిగింది.

పవర్ ఆఫ్ అటార్నీ మీ అమ్మ పేరు మీద ఉన్నది. చెలకే గాదు, ఇల్లు, బోరు, బర్రెలు, అన్నీ. అమ్ముతదో ఉంచుకుంటదో, గోడకు సున్నం వేస్తదో. నన్ను అడుగుడు అవసరం లేదు. నీ చదువు, నీ పెండ్లి మీరిద్దరు మాట్లాడుకోండ్రి. పరదేశాల ముచ్చట నా దగ్గర ఉంచుకుందునేమో, గని నేనే పరదేశంల ఉంటి.

పేరు మార్పించిన్నాడే అంజికి ఫోన్ల చెప్పిన, అలిగిండు. "ఇగ నాకేం పని అన్నా?" అన్నడు. నాకు గూడ అదే డౌటున్నదని వానికి చెప్పలె.

మూడు వారాల నుంచి శుక్రవారాలు ఎట్లనో పోతున్నయి. పొద్దుగాల లేచి, బట్టలు ఉతికి, ఫోన్ ముందట పెట్టుకొని కూసుంట. మోగుతది. "మంచిగున్నవా?" అంటరు, మంచిగున్న అంట. ఎవలూ ఏం అడుగరు. పెట్టేస్తరు. అటెనుక పొద్దు మస్తు పెద్దగున్నది. అతీఖ్ అల్ అజీజియా పోదాం, తిరిగొద్దాం అంటె పోయిన. పెద్ద మాల్ ఉన్నది, పడవలు తిరుగుతయి లోపట. చూసిన. వచ్చిన.

నీ పుస్తకాలల్ల ఉంటె ఒకటి చెప్పు. కెనడ ఆయె, ఆస్ట్రేలియ ఆయె, అన్నీ తమ పని తామే చేసుకున్నయి గద. మరి లండన్ల ఆ ఆఫీసుల కూసున్నోళ్లు? వాళ్లు ఏం చేసిండ్రు? పొద్దున వచ్చి కుర్చీల కూసుని ఏం పని చేసేటోళ్లు?

ఇంకోటి. కంపెనీ కాంట్రాక్టు అయిపోతాంది. కొత్తదాని మీద సంతకం పెట్టుమంటాండ్రు. పెట్టాల్నా, మానేసి ఇంటికి రావాల్నా నాకు తెలుస్తలేదు. ఏది అనుకున్నా ఒక్కతీరుగనే ఉన్నది. ఇన్నేండ్లు ఇంటి పనులన్నిటికీ అవును కాదు ఠక్కున చెప్తి, నా ఒక్క పనికి నోరొస్తలేదు. మీ అమ్మను అడిగి రాయి. ఆమె ఎట్ల అంటె అట్ల.

బాపు


మెట్‌పల్లి
11 ఆగస్టు 2025

బాపూ,

కాగితం అందింది. అమ్మ చూసి, బీరువాల చీరల నడుమ పెట్టింది. చదువుమనలె.

నువ్వడిగింది సార్‌ను గూడ అడిగి రాస్తున్న. ఆఫీసు వెంటనే మూసెయ్యలె బాపూ. ఉత్తరాలు రాసుకుంటనే ఉన్నరు. 1907ల ఆ దేశాల కోసమని వేరే ఒక విభాగం పెట్టుకున్నరు. సమావేశాలు పెట్టి అందరిని పిలిచి చాయ తాపిండ్రు. 1931ల ఒక చట్టం చేసి, మీరడిగితె తప్ప మీకు మేం చట్టాలు చెయ్యమని వాళ్లే రాసిచ్చిండ్రు. ఆ దేశాల రూపాయి బిళ్లల మీద మాత్రం రాజు బొమ్మ ఇప్పటికి ఉన్నది. మనింట్ల గూడ టీవీ మీద నీ ఫోటో ఉన్నది, అమ్మ తుడుస్తది.

సెమినారు అయిపోయింది. మంచిగనే చెప్పిన అన్నరు.

రెండో ముచ్చట అమ్మను అడిగిన. చెలకల కలుపు తీస్తాంది. బాపు రావాల్నా వద్దా, నువ్వెట్లంటె అట్ల అంటున్నడు అని చెప్పిన. గడ్డి గుంజి గట్టు మీదేసింది. అప్పుడన్నది:

"పోయేటప్పుడు నన్నడిగి పోయిండా?"

లేదన్న. మల్ల కలుపుకు వంగింది. ఇదే రాయాల్నా అమ్మా అని అడిగిన. రాయుమన్నది. ఇంకొక మాట గూడ రాయుమన్నది, అట్లనే రాస్తున్న:

అడగకుంట పోయినోడు అడగకుంటనే రావచ్చునట.

సునంద